చెడిపోయే డిస్కులతో చెడని నిల్వ: రెయిడ్ అమరికల చరిత్ర

ఒక డిస్కు మీద ఉంచవలసిన సమాచారాన్ని అనేక డిస్కుల మీద పంచి రాసి, వాటిలో ఒకటో రెండో చెడిపోయినా మొత్తం నిలిచి ఉండేలా చేసే ఏర్పాటుకు రెయిడ్ అని పేరు. సర్వర్ కొనేవారికీ, ఫొటో స్టూడియోలోనో ఆస్పత్రిలోనో ఫైళ్ల భద్రత చూసుకునేవారికీ ఈ పేరు వెంట వచ్చే 0, 1, 5, 6, 10 అనే సంఖ్యలు తారసపడుతూనే ఉంటాయి. వాటిని చూసి పెద్ద సంఖ్య మేలైనదనీ చిన్నది నాసిరకమనీ అనుకోవడమూ కద్దు. 1988లో వెలువడిన ఒక పరిశోధన పత్రం ఐదు పద్ధతులకు వరుసగా సంఖ్యలు వేయగా, తక్కినవి ఆ తరువాత వాటికి ముందూ వెనుకా చేరాయి. డిస్కు ధర, అందులో పట్టే సమాచారం, దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవడానికి పట్టే కాలం అనే మూడూ ఒకే తీరున మారలేదు కనుక, ఏ సంఖ్యను ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఒక్కో దశకంలో ఒక్కో జవాబు చెల్లుతూ వచ్చింది.

అయస్కాంత డిస్కు వ్యాపార వస్తువుగా మొదట వెలువడింది 1956లో. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ నడిపిన ఐబీఎం ప్రయోగశాల రూపొందించిన ఆ యంత్రంలో 24 అంగుళాల వ్యాసం ఉన్న 50 పళ్లేలు ఒకే ఇరుసు మీద తిరిగేవి, అన్నింటి మీద కలిపి సుమారు 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఆ తరువాతి పాతికేళ్లలో పళ్లేల వ్యాసం తగ్గింది, చదరపు అంగుళంలో రాయగల బిట్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది, కాని ఆలోచన మాత్రం మారలేదు. బ్యాంకుకో విమానయాన సంస్థకో ఎక్కువ సమాచారం దాచవలసి వస్తే ఇంకా పెద్ద, ఇంకా ఖరీదైన డిస్కును తయారుచేయడమే మార్గంగా ఉండేది. 1980లో ఐబీఎం ప్రకటించిన 3380 ఆ వరుసలో శిఖరం వంటిది. 14 అంగుళాల పళ్లేలతో ఉండే ఆ పరికరపు తరువాతి రూపమొకటి 7,500 మెగాబైట్ల సమాచారాన్ని దాచేది, దాని పెట్టె 24 ఘనపుటడుగుల చోటు ఆక్రమించి 6,600 వాట్ల విద్యుత్తు తీసుకునేది.

ఈ దారిలో ఒక చిక్కు ముదురుతూ వచ్చింది. ప్రాసెసర్ల వేగమూ మెమరీ చిప్పుల పరిమాణమూ ఏటేటా గుణించుకుపోతుండగా, డిస్కు మాత్రం కదిలే భాగాలున్న యంత్రం కావడం వల్ల వెనుకబడిపోయింది. 1971 నుంచి 1981 వరకు ఐబీఎం పెద్ద డిస్కులలో చదివే తల ఒకచోటి నుంచి మరొకచోటికి జరగడానికి పట్టే కాలం సగానికి మాత్రమే తగ్గింది, పళ్లెం ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలమైతే అసలే తగ్గలేదు. పని వేళలో పదోవంతు డిస్కు కోసం ఎదురుచూడటానికే పోయే కంప్యూటర్‌లో ప్రాసెసర్‌ను నూరు రెట్లు వేగవంతం చేసినా మొత్తం పని పది రెట్లకు మించి వేగం పుంజుకోదని ఆమ్డాల్ సూత్రం చెబుతుంది. రెయిడ్ ఆలోచనకు మొదటి ప్రేరణ ఈ వేగపు కొరతే. భద్రత కోసం పుట్టిందని నేడు అందరూ అనుకునే ఈ పద్ధతిలో భద్రత రెండో మెట్టులో, అదీ తప్పనిసరై, వచ్చి చేరింది.

విడివిడి ముక్కలుగా ఈ ఆలోచనలన్నీ అంతకుముందే ఉన్నాయి. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ హామింగ్ 1950లో, బిట్ల వరుసలో ఎక్కడ తప్పు దొర్లిందో కనిపెట్టి దిద్దగల సంకేత పద్ధతిని ప్రచురించాడు. 1976లో తొలి యంత్రాన్ని అమ్మిన టాండెమ్ కంపెనీ, ఆగకుండా నడవడమే తన సరుకు గొప్పగా చెప్పుకొని, ప్రతి డిస్కుకూ అదే సమాచారం ఉన్న జంట డిస్కును జోడించింది. బ్యాంకులు ఆ జంటకు రెట్టింపు ధర చెల్లించడానికి వెనుకాడలేదు. 1978లో ఐబీఎం ఉద్యోగి నార్మన్ కెన్ ఔచికి, చెడిపోయిన నిల్వ యూనిట్‌లోని సమాచారాన్ని మిగిలిన యూనిట్ల నుంచి లెక్కగట్టి తిరిగి పొందే ఏర్పాటు మీద అమెరికా పేటెంటు లభించింది. 1986లో ప్రిన్స్‌టన్‌కు చెందిన కెనెత్ సేలం, హెక్టర్ గార్సియా-మొలీనా ఒకే ఫైలును చారలుగా చీల్చి అనేక డిస్కుల మీద పరిచే స్ట్రైపింగ్ పద్ధతిని వివరించారు. థింకింగ్ మెషీన్స్ కంపెనీ తన కనెక్షన్ మెషీన్ కోసం అమ్మిన డేటావాల్ట్‌లో సమాచారానికి 32, హామింగ్ సంకేతానికి 7, వెరసి 39 డిస్కులు ఒకేసారి కదిలేవి. అయితే ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవని అప్పటికి ఎవరూ చెప్పలేదు. ఏది ఎప్పుడు ఎంచుకోవాలో తూచి చూసే తక్కెడ కూడా లేదు.

ఆ తక్కెడను అందించినవారు బెర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, ర్యాండీ కాట్జ్ అనే ఆచార్యులూ, గార్త్ గిబ్సన్ అనే పరిశోధక విద్యార్థీ. వారి రచన 1987 డిసెంబరులో విశ్వవిద్యాలయ నివేదికగానూ, 1988 జూన్‌లో షికాగోలో జరిగిన సిగ్మాడ్ సదస్సులో పత్రంగానూ వెలువడింది. ఐబీఎం 3380ని వారు కానర్ పెరిఫెరల్స్ కంపెనీ చిన్న కంప్యూటర్ల కోసం అమ్ముతున్న సీపీ3100 అనే మూడున్నర అంగుళాల డిస్కు పక్కన నిలబెట్టి పోల్చారు. ఈ చిన్న డిస్కులో పట్టేది 100 మెగాబైట్లే, కాని అది తీసుకునేది 10 వాట్లే, మెగాబైటుకు పడే ధర కూడా పెద్దదాని కంటే తక్కువ. అలాంటివి 75 చేరిస్తే పెద్ద డిస్కు పరిమాణానికి సమానమవుతాయి, 75 తలలు విడివిడిగా కదులుతాయి కనుక సమాచారం అందించే సామర్థ్యం దానికి 12 రెట్లు అవుతుంది, విద్యుత్తు ఖర్చు తొమ్మిదోవంతుకు పడిపోతుంది.

ఇంత చౌకగా ఇంత వేగం దొరికేటప్పుడు అందరూ ఆ పనే చేయకపోవడానికి కారణం సాదా భాగాహారంలో ఉంది. ఒక చిన్న డిస్కు చెడిపోయే వరకు సగటున 30,000 గంటలు పనిచేస్తుందని తయారీదారు లెక్క. అలాంటివి నూరు కలిపితే వాటిలో ఏదో ఒకటి చెడిపోవడానికి సగటున 300 గంటలు, అంటే రెండు వారాల లోపే, సరిపోతుంది. సమాచారం నూరింటి మీదా చారలుగా పరచి ఉన్నప్పుడు ఒక్కటి పోతే అన్నీ పోయినట్టే. కనుక కొన్ని డిస్కులను తప్పనిసరిగా అదనంగా కేటాయించాలి, ఎన్నింటిని ఎలా కేటాయించాలన్నదే పత్రం చర్చించిన అసలు విషయం.

పత్రంలోని మొదటి స్థాయి టాండెమ్ వాడిన జంట డిస్కుల పద్ధతే. దీనిని మిర్రరింగ్ అంటారు. కొన్న డిస్కుల్లో సగమే ఉపయోగానికి వస్తుంది. రెండో స్థాయి హామింగ్ సంకేతాన్ని డిస్కులకు వర్తింపజేసినది. పది డిస్కుల గుంపుకు నాలుగు, ఇరవై ఐదింటి గుంపుకు ఐదు అదనపు డిస్కులు కావాలి. మూడో స్థాయి దగ్గరే ఈ చరిత్రలోని మొదటి నేర్పరి ఆలోచన కనిపిస్తుంది. హామింగ్ సంకేతంలోని అదనపు బిట్లలో ఎక్కువ భాగం తప్పు ఏ చోట జరిగిందో కనిపెట్టడానికే ఖర్చవుతాయి. ఏ డిస్కు చెడిపోయిందో దాని కంట్రోలరే చెప్పగలిగినప్పుడు ఆ బిట్లతో పని లేదు. అప్పుడు ఎన్ని డిస్కుల గుంపుకైనా ఒక్క అదనపు డిస్కు చాలు, దాని మీద పారిటీ రాస్తారు. పారిటీ అంటే ఒకే స్థానంలో ఉన్న బిట్లలో ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా చేర్చే బిట్టు. నాలుగు డిస్కుల మీద 1, 0, 1, 1 అని ఉంటే ఒకట్లు మూడు కనుక పారిటీ 1 అవుతుంది; మూడో డిస్కు చెడిపోతే మిగిలిన 1, 0, 1, పారిటీ 1 కలిపి చూసినప్పుడు ఒకట్లు మూడే ఉంటాయి కనుక పోయిన బిట్టు 1 అని తేలుతుంది. పది డిస్కులకు ఒకటి అదనమంటే పది శాతం ఖర్చు, ఇరవై ఐదింటికి ఒకటంటే నాలుగు శాతం.

మూడో స్థాయిలో ఒక్కో ఫైలు ముక్క అన్ని డిస్కుల మీదా చిన్న చిన్న భాగాలుగా ఉంటుంది గనుక, ఎంత చిన్న విషయం చదవాలన్నా అన్ని తలలూ కలిసి కదలాలి. పెద్ద చిత్రాలకూ శాస్త్ర గణనలకూ అది బాగానే నడుస్తుంది, కాని ఖాతాల లెక్క చూసే బ్యాంకుకు పనికిరాదు. నాలుగో స్థాయిలో ముక్క పరిమాణం పెంచి, చిన్న విషయం ఒక్క డిస్కులోనే ఇమిడేలా చేశారు. దానితో వేర్వేరు వినియోగదారులు వేర్వేరు డిస్కులను ఒకేసారి చదవగలిగారు. రాసేటప్పుడు మాత్రం పాత సమాచారాన్నీ పాత పారిటీనీ చదివి, కొత్త పారిటీ లెక్కగట్టి, రెండింటినీ తిరిగి రాయాలి. ఒక చిన్న మార్పుకు నాలుగు సార్లు డిస్కును తాకాలన్నమాట. ఎవరు ఏ డిస్కులో ఏమి రాసినా పారిటీ డిస్కు దగ్గరికి రావలసిందే కనుక అక్కడ వరుస కడతారు. ఐదో స్థాయి ఆ పారిటీని ఒకచోట ఉంచక అన్ని డిస్కుల మీదా వంతులవారీగా పంచి ఆ వరుసను చెదరగొట్టింది. నాలుగు తాకిళ్ల భారం పోలేదు, అది అందరి మీదా పంచబడింది, అంతే.

ఈ ఐదు స్థాయిల లెక్కల అడుగున రెండు ఊహలున్నాయి. డిస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడిపోతాయన్నది మొదటిది. చెడిపోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి, దాని మీద పాత సమాచారాన్ని తిరిగి నింపడానికి ఒక గంట చాలునన్నది రెండోది. ఆ రెండింటినీ ఒప్పుకుంటే, నూరు డిస్కులను పదేసి గుంపులుగా చేసి ఐదో స్థాయిలో నడిపినప్పుడు సమాచారం పోవడానికి సగటున 8,20,000 గంటలు, అంటే 90 ఏళ్లకు పైగా, పడుతుంది. 1988లో ఈ ఊహలు తప్పుబట్టదగినవి కావు. 100 మెగాబైట్ల డిస్కును సెకనుకు ఒక మెగాబైటు చొప్పున చదివితే రెండు నిమిషాల లోపే పూర్తవుతుంది, గంట అన్నది ఉదారంగా వేసిన లెక్కే. తరువాతి ముప్పై ఏళ్ల చరిత్ర అంతా ఈ రెండు ఊహలు సడలిపోవడమే.

బెర్కిలీ బృందం కాగితం మీద ఆగలేదు. మొదటి నమూనాను ఒక సన్ 4/280 కంప్యూటర్‌కు 28 డిస్కులు తగిలించి నిర్మించారు, తరువాతి నమూనా రెయిడ్-2లో ఆ సంఖ్య 144కు పెరిగింది. మొదటి నమూనా నేర్పిన పాఠం కొంచెం విచిత్రమైనది: డిస్కుల కొరత తీరగానే కంప్యూటర్ లోపలి మెమరీ మార్గాలే ఇరుకైపోయాయి. వ్యాపారంలో మాత్రం పరిశోధకుల వరుసక్రమాన్ని ఎవరూ పాటించలేదు. కాంపాక్ 1989లో సిస్టమ్‌ప్రో అనే చిన్న సర్వర్‌తో డిస్కుల సమూహాన్ని మెయిన్‌ఫ్రేమ్ గది బయటికి తెచ్చింది. 1990లో ఈఎంసీ తెచ్చిన సిమెట్రిక్స్, చిన్న డిస్కులను పెద్ద కేష్ మెమరీ వెనుక దాచి, ఖరీదైనదైనా జంట పద్ధతినే ఆశ్రయించి, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ నిల్వ వ్యాపారంలో పెద్ద వాటాను లాగేసుకుంది. రెయిడ్ పేరులోని ఐ అనే అక్షరానికి మొదట ఉన్న చౌక (ఇన్‌ఎక్స్‌పెన్సివ్) డిస్కులు అన్న అర్థం అమ్మకందార్లకు రుచించక, దానికి స్వతంత్ర (ఇండిపెండెంట్) డిస్కులు అనే అర్థం చెప్పుకున్నారు. ధరలు చూస్తే ఆ మార్పు నిజాయితీగానే ఉందనిపిస్తుంది.

నాలుగో స్థాయి కథ ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పారిటీ డిస్కు దగ్గర వరుస కడుతుందని పత్రమే పక్కన పెట్టిన ఆ పద్ధతిని, 1992లో మొదలైన నెట్‌యాప్ కంపెనీ ఏరికోరి ఎంచుకుంది. వారి వాఫిల్ ఫైల్ వ్యవస్థ పాత చోట తిరిగి రాయకుండా, రాయవలసినవన్నీ విద్యుత్తు పోయినా చెరగని మెమరీలో కొంతసేపు కూడబెట్టి, చార మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చోట రాసేది. చార మొత్తం కొత్తదే అయినప్పుడు పాతదాన్ని చదవవలసిన పని లేదు, నాలుగు తాకిళ్ల భారమూ లేదు. పైగా పారిటీ ఒకే చోట ఉంటే కొత్త డిస్కును గుంపులో చేర్చడం సులువు. ఏ స్థాయి మంచిదన్న ప్రశ్నకు దాని మీద కూర్చునే ఫైల్ వ్యవస్థను చూడకుండా జవాబు చెప్పడం కుదరదని దీనికంటే స్పష్టంగా చూపిన ఉదాహరణ మరొకటి లేదు. రెండో స్థాయి అంతటి అదృష్టానికి నోచుకోలేదు. ప్రతి డిస్కూ తనలోనే తప్పులు దిద్దుకునే సంకేతాలు రాసుకోవడం మొదలుపెట్టాక దాని అవసరమే లేకపోయింది, మూడో స్థాయి కూడా క్రమంగా కనుమరుగైంది.

1994లో గిబ్సన్, కాట్జ్, ప్యాటర్సన్‌లతో పాటు పీటర్ చెన్, ఎడ్వర్డ్ లీ కలిసి రాసిన సర్వే వ్యాసం సున్నానూ ఆరునూ వరుసలో చేర్చింది. సున్నా అంటే అదనపు డిస్కు ఏదీ లేకుండా కేవలం చారలుగా పరచడం. భద్రత కోసం కట్టిన కుటుంబంలో భద్రత లేని సభ్యుడిది. వీడియో కూర్పు చేసేవారికి వేగం కోసం అది ఇప్పటికీ పనికొస్తుంది, అయితే అందులోని ప్రతి ఫైలుకూ మరోచోట నకలు ఉన్నప్పుడే. జంటలను చారలుగా కలిపే పద్ధతికి పది అనే పేరు వాడుకలో స్థిరపడింది. ఇక్కడ వరుసక్రమం ముఖ్యం. ఎనిమిది డిస్కులను ముందు జంటలుగా చేసి తరువాత చారలుగా కలిపితే, ఒకటి చెడిపోయిన తరువాత మిగిలిన ఏడింటిలో దాని జంట ఒక్కటే ప్రమాదకరం. ముందు నాలుగేసి చారలుగా పరచి తరువాత ఆ రెండు సగాలనూ జంట చేస్తే, ఒక సగం మొత్తం పక్కకు తప్పుకున్నాక రెండో సగంలోని నాలుగింటిలో ఏది పోయినా అంతా పోతుంది. డిస్కుల సంఖ్యా ఖర్చూ ఒకటే అయినా ప్రమాదం నాలుగింతలు పెరుగుతుంది.

1990ల నడిమి నుంచి పదేళ్లకు పైగా ఐదో స్థాయిది రాజ్యం. డిస్కులు ఖరీదుగా ఉన్న రోజుల్లో ఒక్క డిస్కు అదనంతో సరిపెట్టే పద్ధతిని కొనుగోలుదార్లు కాదనలేకపోయారు. దానికి శత్రువులూ పుట్టారు. ఆరకిల్ సంస్థలో హువాన్ లోయిజా, డేటాబేసుకు ఏమి ఎక్కడ ఉంచాలని తలలు పగలగొట్టుకోకుండా అన్నింటినీ జంటలుగా చేసి చారలుగా పరచమని వాదించాడు. మోగెన్స్ నోర్‌గార్డ్, జేమ్స్ మోర్ల్ అనే ఇద్దరు డేటాబేస్ నిపుణులైతే ఐదో స్థాయికి వ్యతిరేకంగా బార్ఫ్ అనే సంఘమే పెట్టారు. పేరు సరదాకు పెట్టుకున్నదే గాని ఫిర్యాదు గట్టిది. చిన్న చిన్న మార్పులు ఎడతెగకుండా రాసే డేటాబేసులో నాలుగు తాకిళ్ల భారం వల్ల డిస్కుల సామర్థ్యం చాలావరకు పారిటీకే పోతుంది, ఒక డిస్కు చెడిపోయిన తరువాత వేగం మరీ కుంటుపడుతుంది. సమాచారం రాసి పారిటీ రాయకముందే విద్యుత్తు పోతే ఆ రెంటికీ పొత్తు కుదరదు, తరువాత ఎప్పుడో డిస్కు చెడిపోయినప్పుడు తప్పు సమాచారం తిరిగివస్తుంది. రైట్ హోల్ అని పేరుపడిన ఈ లోపాన్ని బ్యాటరీ ఉన్న కంట్రోలర్లతో కప్పిపుచ్చుతూ వచ్చారు. 2005లో సన్ కంపెనీ విడుదల చేసిన జెడ్ఎఫ్ఎస్ మాత్రం, ఉన్నచోట తిరిగి రాయడమే మానేసి, ఫైల్ వ్యవస్థనూ రెయిడ్‌నూ ఒకటిగా కలిపి దాన్ని మొదలంటా తొలగించింది. ప్రతి ముక్కకూ చెక్‌సమ్ అనే సరిచూపు సంఖ్యను వేరుచోట దాచడం దాని మరో గుణం. డిస్కు తప్పు సమాచారాన్ని తప్పని చెప్పకుండా అందించినా అది పట్టుకోగలదు, మామూలు రెయిడ్ పట్టుకోలేదు.

1988 నాటి రెండు ఊహలలో మొదటిదాన్ని పరీక్షకు పెట్టినవారిలో గిబ్సన్ ఒకడు కావడం విశేషం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన అతడు, బియాంకా ష్రోడర్‌తో కలిసి సుమారు లక్ష డిస్కుల రికార్డులను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించాడు. తయారీదార్లు చెప్పే 10 లక్షల గంటల సగటు ఆయుష్షు ప్రకారం ఏడాదికి 0.88 శాతానికి మించి డిస్కులు చెడిపోకూడదు. వాస్తవంలో రెండు నుంచి నాలుగు శాతం మార్చవలసి రావడం సాధారణమని, కొన్నిచోట్ల 13 శాతం దాకా పోయిందని తేలింది. అంతకంటే ముఖ్యంగా, చెడిపోవడాలు గుంపులుగా వస్తాయని, ఒక డిస్కు మార్చిన వెంటనే మరొకటి మార్చవలసి వచ్చే అవకాశం ఎక్కువని కనబడింది. ఇది లోకానుభవానికి విరుద్ధమేమీ కాదు. ఒకే కర్మాగారంలో ఒకే వారంలో తయారై, ఒకే పెట్టెలో ఒకే వేడిమినీ ఒకే విద్యుత్ సరఫరానూ పంచుకుంటూ, ఒకే పని చేసిన డిస్కులు పరస్పర సంబంధం లేకుండా చెడిపోతాయని ఆశించడమే వింత.

రెండో ఊహను డిస్కుల పెరుగుదలే దెబ్బతీసింది. ఈనాటి 20 టెరాబైట్ల డిస్కు సీపీ3100 కంటే రెండు లక్షల రెట్లు పెద్దది, కాని సెకనుకు 250 మెగాబైట్ల చొప్పున చదివినా వేగం 250 రెట్లే పెరిగినట్టు. అప్పట్లో రెండు నిమిషాల లోపు ముగిసే పని ఇప్పుడు, మరే పనీ చేయకుండా ఉంటేనే, 22 గంటలు పడుతుంది. వినియోగదారులకు సేవలందిస్తూ చేయాలంటే రోజులు పట్టవచ్చు. ఆ రోజులన్నీ ఐదో స్థాయి గుంపు ఏ రక్షణా లేకుండా నడుస్తుంది, మిగిలిన డిస్కులు ఆ కాలంలోనే అంతకుముందెన్నడూ లేనంత కష్టపడతాయి. దీనికి చదవలేని సెక్టార్ల, అంటే డిస్కు మీది చిన్న చిన్న నిల్వ భాగాల, బెడద తోడైంది. మామూలు డిస్కులకు కోటి కోట్ల బిట్లు చదివితే ఒకటి చదవలేకపోవచ్చునని తయారీదార్లు చెప్పేవారు. అది పన్నెండున్నర టెరాబైట్లకు సమానం. రెండేసి టెరాబైట్ల డిస్కులు ఏడింటితో కట్టిన గుంపులో ఒకటి పోతే మిగిలిన 12 టెరాబైట్లనూ తప్పులేకుండా చదవాలి కనుక, 2009 నాటికి ఐదో స్థాయి పనికిరాకుండా పోతుందని రాబిన్ హారిస్ అనే పాత్రికేయుడు 2007లో రాశాడు. ఆ జోస్యం అక్షరాలా జరగలేదు. తయారీదారు చెప్పే సంఖ్య గరిష్ఠ పరిమితి మాత్రమే, చాలా డిస్కులు అంతకంటే మెరుగ్గా నడుస్తాయి. అయినా హెచ్చరిక తప్పు కాదు. 2007లోనే వెలువడిన, 15 లక్షలకు పైగా డిస్కులను 32 నెలల పాటు గమనించిన మరో అధ్యయనంలో 3.45 శాతం డిస్కులలో ఇలాంటి దాగిన తప్పులు బయటపడ్డాయి.

ఆరో స్థాయికి కాలం వచ్చింది ఇందువల్లనే. దీనిలో పారిటీతో పాటు మరో సరిచూపు సంకేతాన్ని కూడా రాస్తారు, ఏ రెండు డిస్కులు పోయినా సమాచారం తిరిగివస్తుంది. రెండో సంకేతానికి కావలసిన గణితం 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ ప్రచురించిన పత్రంలోనే ఉంది, కాని అది చేయవలసిన గుణకారాలు ఆనాటి కంట్రోలర్లకు భారమయ్యేవి. 1990ల నడుమ ఐబీఎం పరిశోధకులు ఈవెన్ఆడ్ అనే పద్ధతిలోనూ, 2004లో నెట్‌యాప్ పరిశోధకులు అడ్డ వరుసలకు ఒకటీ ఏటవాలు వరుసలకు మరొకటీ పారిటీ కట్టే పద్ధతిలోనూ, మామూలు పారిటీ లెక్కతోనే అదే ఫలితం సాధించారు. లైనక్స్‌లో హెచ్. పీటర్ ఆన్విన్ రాసిన ఆరో స్థాయి మాత్రం రీడ్-సాలమన్ గణితాన్నే ప్రాసెసర్ల ప్రత్యేక ఆదేశాలతో వేగంగా చేయించింది. చిన్న రాతలకు తాకిళ్లు నాలుగు నుంచి ఆరుకు పెరిగాయి, కాని డిస్కుల ధర పడిపోయిన రోజుల్లో మరో డిస్కు కొనడం ఎవరికీ పెద్ద బరువనిపించలేదు.

వేల యంత్రాలు నడిపే సంస్థలు ఈలోగా మరో దారి పట్టాయి. 2003లో గూగుల్ వివరించిన ఫైల్ వ్యవస్థ, డిస్కుల గుంపులతో పెట్టుకోకుండా, ప్రతి ముక్కనూ మూడు వేర్వేరు యంత్రాల మీద రాసేది; యంత్రం మొత్తం చెడిపోవడమే అక్కడ దినచర్య కనుక ఒక పెట్టె లోపలి పారిటీ వారికి చాలదు. మూడు రెట్ల నిల్వ భరించలేనంత ఖర్చయ్యాక పారిటీ ఆలోచనే తిరిగి అక్కడ ప్రవేశించింది. 2012లో మైక్రోసాఫ్ట్ తన అజూర్ నిల్వ గురించి ప్రచురించిన పద్ధతిలో 12 ముక్కల సమాచారానికి నాలుగు సరిచూపు ముక్కలే ఉంటాయి, ఖర్చు 1.33 రెట్లు. ఆ నాలుగింటిలో రెండు, సగం ముక్కలకు ఒకటి చొప్పున, ముఖ్యంగా ఒక్క ముక్క పోయిన మామూలు సందర్భాన్ని త్వరగా చక్కదిద్దడం కోసం ఉన్నాయి. పునర్నిర్మాణానికి పట్టే కాలమే అసలు సమస్య అని గుర్తించిన తరువాత వచ్చిన రూపకల్పన ఇది. ప్యాటర్సన్, కాట్జ్, గిబ్సన్‌లకు 1999లో ఐఈఈఈ ఇచ్చిన పురస్కారం మొదటి డిస్కును రూపొందించిన రేనాల్డ్ జాన్సన్ పేరు మీదిదే.

నాలుగు డిస్కుల పెట్టె ముందు కూర్చున్నవారికి ఈ చరిత్ర కొన్ని స్పష్టమైన జవాబులే ఇస్తుంది. రెండు డిస్కులుంటే జంట పద్ధతికి పోటీ లేదు. 1988లో ఖరీదైనదని పత్రం పక్కన పెట్టిన ఆ మొదటి స్థాయి, డిస్కులు చౌకై, చెడిపోయిన వెంటనే కేవలం నకలు తీస్తే సరిపోయే గుణం వల్ల, నేడు చిన్న అమరికలకు అన్నింటికంటే నమ్మదగినది. నాలుగు డిస్కులతో పదో స్థాయి, ఆరో స్థాయి రెండూ సగం చోటునే మిగులుస్తాయి. చిన్న రాతలు ఎడతెగని డేటాబేసుకు పది మేలు. ఒకసారి రాసి ఏళ్ల తరబడి దాచే చిత్రాలకూ వీడియోలకూ ఏ రెండు డిస్కులు పోయినా నిలిచే ఆరు మేలు. పెద్ద డిస్కులు ఆరుకు మించినప్పుడు ఆరో స్థాయికి తక్కువైనదేదీ ఎంచుకోకూడదు. ఐదో స్థాయికి చిన్న పరిమాణంలోని ఘనస్థితి డిస్కుల దగ్గర, పునర్నిర్మాణం నిమిషాల్లో ముగిసే చోట, ఇంకా న్యాయమైన స్థానం ఉంది. పది టెరాబైట్లు దాటిన తిరిగే డిస్కులకు దానిని సిఫారసు చేసే అమ్మకందారు మాట నమ్మదగింది కాదు. ఏ స్థాయి అయినా, పొరపాటున చెరిపివేసిన ఫైలును అన్ని డిస్కులలోనూ ఒకేసారి చెరిపేస్తుంది కనుక వేరుచోట ఉండే బ్యాకప్ అవసరాన్ని అది తీర్చదు.

కొనేటప్పుడు అన్ని డిస్కులూ ఒకే తయారీ విడతకు చెందకుండా చూసుకోవడం, కొన్న తరువాత దాగిన తప్పులను ముందే కనిపెట్టడానికి స్క్రబ్ అనే పూర్తి తనిఖీని క్రమం తప్పకుండా నడపడం స్థాయి ఎంపికకు ఏ మాత్రం తీసిపోని పనులు. డెబియన్ లైనక్స్‌లో ఈ తనిఖీ నెలకు ఒకసారి, మొదటి ఆదివారం నాడు, దానంతట అదే జరిగే ఏర్పాటు ఉంది. తమ పెట్టెలో అలాంటి ఏర్పాటు ఉందో లేదో, ఉంటే చివరిసారి ఎప్పుడు పూర్తయిందో రెయిడ్ వాడే ప్రతివారూ ఒకసారి చూసుకోవడం మంచిది.